పత్తి ఆకు మీద పురుగు

మొన్న ఆదివారం నంద్యాలలో ఒక సంస్మరణ సభకు వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సభలో పంచిన మిక్చరు వల్ల కాదు, అది బాగానే ఉంది, రెండో పొట్లం కూడా అడిగి పుచ్చుకున్నాను. ఈమధ్యే కాలం చేసిన ఒక పెద్దాయన ఫొటోకు దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు లేచి, మన ప్రాంతపు పిల్లలకు ఆకును ఆకులా చూడడం నేర్పిన మహానుభావుడనీ, చెట్టూ చేమల్లోంచి డిజైను పుడుతుందని మొట్టమొదట చెప్పినవాడనీ పొగుడుతుంటే, మూడో వరుసలో కూర్చుని విన్నాను. చప్పట్లు కొట్టవలసి వచ్చిన ప్రతిసారీ నా రెండు చేతుల్లో రెండు పొట్లాలు ఉండడం దేవుడు చేసిన మేలు. ఆ పెద్దాయన ఒకప్పుడు మా బడులన్నిటికీ డ్రాయింగు సూపర్వైజరు. నాకు ఆయన మీద ముప్పై ఏళ్లు దాటిన పగ ఉంది.

ఇంటికి వచ్చి ఈ సంగతి మా తమ్ముడి భార్యకు చెబితే ఆమె చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

“ఇంగా ఆ యప్పను ఇడ్సిపెట్టవా వదినా? పోయినోళ్ల మీద పగేంది?”

“ఆయప్ప పోయినాడుగానీ నేను ఈడనే ఉండా గదమ్మా,” అన్నాను.

నా ఈడు వాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు. మోకాళ్లు అరిగినా పగలు అరగవు. ఆమెకు చెప్పలేకపోయినదంతా మీకు చెప్పుకుందామని ఇవాళ కాగితం తీశాను.

మా నాయనకు నంద్యాలలో చిన్న బట్టల కొట్టు ఉండేది. చీరల మధ్య పెట్టి వచ్చే పల్చని కాగితాల మీద అంచులు గీసుకుంటూ పెరిగాను. మద్రాసు నుంచి వచ్చిన చీర విప్పితే అందరూ రంగు చూసేవారు, నేను అంచు చూసేదాన్ని. ఆ పిచ్చి ముదిరి డ్రాయింగు పరీక్షలు ప్యాసై, ఆళ్లగడ్డ బాలికల హైస్కూల్లో డ్రాయింగు టీచరు ఉద్యోగం వచ్చిందని ఆర్డరు చూపిస్తే మా నాయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, “బొమ్మలు గీసేదానికి గూడా సర్కారు జీతమిస్తాదా!” అని ఆశ్చర్యపోయాడు. నా గీత బాగుందని ఉద్యోగం ఇచ్చారుగానీ నా రాత ఎలా ఉందో ఆ రోజు ఎవరూ చూడలేదు.

ఆళ్లగడ్డలో బస్సు దిగిన మొదటి రోజు నాకు ఎదురొచ్చినవాళ్లు దేవుళ్లే. రోడ్డు పక్క రేకుల షెడ్ల ముందు, తల ఇంకా రాని దేవుడొకరు, చేతులు పూర్తికాని అమ్మవారొకరు, కళ్లు తెరవని ద్వారపాలకులు ఇద్దరు ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. ఊరంతా ఉలి చప్పుడు. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినపడకపోతేనే ఏమైందోనని బయటికి తొంగి చూసేదాన్ని. మా బడికి వచ్చే ఆడపిల్లల్లో సగం మంది జడల్లో రాతిపొడి ఉండేది. ఇంత పని ఇంటి ముందరే జరిగే ఊళ్లో పిల్లలకు నేను నేర్పవలసింది ఏమిటంటే, మామిడికాయ, చిలుక, కుండ, రెండు కొండల మధ్య సూర్యుడు. నేను బోర్డు మీద వేస్తే వాళ్లు పుస్తకంలో వేయాలి. అంతే, అదే చిత్రలేఖనం.

ఒకనాడు బోర్డు మీద తామరపువ్వు వేస్తుంటే సుద్దముక్క విరిగి ఒక రేక మీద అడ్డంగా గీత పడింది. తుడిచేద్దామనుకుని మరిచిపోయాను. గంట అయ్యాక పుస్తకాలు చూస్తే తరగతిలోని ప్రతి తామరకూ అదే రేక మీద అదే అడ్డగీత. కొందరైతే దాన్ని స్కేలు పెట్టి మరీ గీశారు. నేను నవ్వుకుంటూ ఇంటికి వెళ్లానుగానీ అన్నం కలుపుకుంటుంటే ఏడుపొచ్చింది. నా తప్పును ఇంత శ్రద్ధగా నేర్చుకునే పిల్లలకు ఇంకేదైనా చూపించాలి కదా అనిపించింది.

మర్నాటి నుంచి డ్రాయింగు పీరియడులో పిల్లల్ని బడి వెనక ఉన్న పత్తి చేనుకు తీసుకుపోయాను. చేను ఆసామి మొదటి రోజు గట్టు మీదనే అడ్డం నిలబడ్డాడు.

“మా సేన్లో ఏందమ్మా మీ బడి? ఆకులు తెంపుకుంటే ఊరుకోను.”

“తెంపనీకి కాదన్నా, చూడనీకి వచ్చినాం,” అంటే నమ్మలేదు. రెండో రోజు మా వెనకే నిలబడి చూశాడు. మూడో రోజుకు ఆయనే ఒక పిల్ల పక్కన గొంతుకూర్చుని, “అట్ల గాదు పాపా, పొద్దు తిరిగేకొద్దీ ఆకు గూడా తిరుగుతాది, చూసుకో,” అని పాఠం చెప్పాడు. నాకంటే మంచి టీచరు.

మా పద్ధతి ఇదీ. ఒక్కొక్కరూ ఒక్క ఆకును ఎంచుకోవాలి, తెంపకూడదు, కాడకు నూలుపోగు కట్టి గుర్తు పెట్టుకోవాలి. మూడు రోజులు అదే ఆకు గీయాలి. నాలుగో రోజు గదిలో కూర్చుని ఆకును చూడకుండా, మనసులో మిగిలిన దానితో చీరకో, గడపకో, ముగ్గుకో ఒక అంచు కట్టాలి. చూసి గీస్తే బొమ్మ, మరిచిపోయి గీస్తే డిజైను అని చెప్పేదాన్ని. ఎవరి దగ్గరా నేర్చుకున్న మాట కాదు, నా మతిమరుపుకు నేను పెట్టుకున్న గౌరవప్రదమైన పేరు.

ఆ తరగతిలో రాతి పని మేస్త్రి కూతురు ఒకతె ఉండేది. ఎనిమిదో తరగతి, మాట తక్కువ. అందరూ నున్నటి ఆకులకు పోగులు కట్టుకుంటే ఆమె పురుగు పట్టిన ఆకుకు కట్టింది. మొదటి రోజు రెండు చిల్లులు, రెండో రోజు ఐదారు, మూడో రోజుకు ఈనెలు మాత్రమే మిగిలిన జాలీ. ఆ మూడు రోజుల ఆకునూ పక్కపక్కనే అల్లి నాలుగో రోజు ఒక అంచు గీసింది. ఎడమ చివర నిండు ఆకుతో మొదలై కుడి చివరికి వచ్చేసరికి గాలికి ఊగే అల్లిక అయిపోతుంది. మా నాయన కొట్లో నేను విప్పి చూసిన వేల అంచుల్లో అలాంటిది లేదు.

“మంచి ఆకు ఎందుకు పట్టుకోలేదు నువ్వు?” అని అడిగాను.

“పురుగు గూడా పని చేస్తాంది గదా టీచర్,” అంది. “మా నాయన రాయి తొలిచినట్ల అది ఆకు తొలుస్తాంది.”

ఆ మాట విన్నాక ఆ పిల్లకు నేర్పడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. దాన్ని అట్టకు అంటించి తరగతి గోడకు తగిలించాను. అదే నేను చేసిన పొరపాటు.

ఆ నెలలోనే సూపర్వైజరు ఇన్‌స్పెక్షనుకు వచ్చాడు. మెడ మూడు మడతలు పడిన భారీ మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. ఆయన పరీక్షించి పోయాడు, నాకు కక్ష మిగిలింది. గోడకున్న అట్ట దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, చాలాసేపు, నిజంగా చాలాసేపు చూశాడు. మెచ్చుకోబోతున్నాడని నేను కొంగు కూడా సర్దుకున్నాను.

“ఏందమ్మా ఇది? ఆకా, జల్లెడా?” అన్నాడు. “పురుగు తిన్నదాన్ని పిల్లోళ్లతో గీపిస్తాండావే, చీడ నేర్పుతాండావా బడిలో? ఎవురిదీ చెయ్యి?”

మేస్త్రి కూతురు లేచి నిలబడింది. ఆయన అట్టను గోడ మీంచి పీకి నిలువునా రెండు ముక్కలు చేశాడు. ఊరుకున్నా బాగుండేది. రిపోర్టు రాయడానికి కూర్చుంటే బల్ల ఊగింది. ఆ ముక్కల్లో ఒకదాన్ని నాలుగు మడతలు పెట్టి బల్లకాలి కింద దోపి, ఇప్పుడు కదలడం లేదని చూసుకుని, దాని మీద మోచెయ్యి ఆనించి, డ్రాయింగు టీచరు బడి వేళల్లో ఆడపిల్లలను చేల వెంబడి తిప్పుతున్నదని రాశాడు. మా హెడ్మిస్ట్రెసుగారు కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా ఆకాశాన్ని చూశారు.

పదిహేను రోజుల్లో నాకు మిడుతూరుకు బదిలీ అయింది. అది పెద్ద దెబ్బ కాదు, మిడుతూరులోనూ ఆకులున్నాయి. దెబ్బ ఆ పిల్లకు తగిలింది. ఆఫీసరు వచ్చి నీ కూతురి బొమ్మ చించినాడంట అని ఎవరో షెడ్డుకు పోయి చెప్పారు. మేస్త్రి మంచివాడేగానీ మాట రాయి కంటే గట్టి. చదువుకున్న ఆఫీసరుకు తప్పు కనపడిందంటే చేతిలోనే తప్పుందని నమ్మాడు. “ఆకు గీసేకి రాని చెయ్యి ఉలేం పడతాది,” అని బడి మాన్పించి రుద్దుడు పనిలో పెట్టాడు. మగవాళ్లు చెక్కి వదిలేసిన విగ్రహాలను ఆడవాళ్లు నీళ్లు పోసి రాతితో రుద్ది నునుపు చేస్తారు, ఆ పని. మగపిల్లలు లేని ఆ ఇంట్లో ఎప్పటికైనా నాయన ఉలి తనకే వస్తుందని ఆ పిల్ల చిన్ననాటి నుంచీ అనుకుంటూ ఉండిందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నాకోసమే అయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ననీ, ఆ పిల్లకోసమే పగ పెట్టుకున్నాననీ అందరికీ చెబుతుంటాను. ఇది జ్ఞాపకాల వ్యాసం కనక నిజం ఒప్పుకుంటాను. సగం నాకోసమే. బదిలీకి బదులు తీర్చుకోకపోతే డ్రాయింగు టీచరుగా నా గీతకు అర్థం లేదనుకున్నాను. మిడుతూరులో పిల్లలకు ఊసరవెల్లి పాఠం చెప్పినప్పుడు మెడకు మూడు మడతలు పెట్టి, ముక్కు మీద కళ్లద్దాలు కూడా వేశాను. “టీచర్, ఊసరవెల్లికి అద్దాలెందుకు?” అని ఒక పిల్ల అడిగితే, “దానికి దగ్గరున్నవి కనపడవు,” అని చెప్పాను. ఇంత చిన్న పగలతో కడుపు నిండుతుందా! బియ్యం కడుగుతూ, బస్సు కోసం నిలబడి, ఆయనతో నేను ఆడబోయే మాటలు ఎన్నిసార్లు సాధన చేశానో. వాటిలో ప్రతిసారీ ఆయన నోట మాట రాక నిలబడేవాడు, నాకేమో అద్భుతమైన వాక్యాలు తట్టేవి.

పదేళ్లు గడిచాయి. నేను నంద్యాల బడికి వచ్చేశాను. ఒకసారి ఆళ్లగడ్డలో నా పాత ఇంటి యజమానురాలిని చూడడానికి వెళ్లి, వస్తూ వస్తూ మేస్త్రి షెడ్డు ముందు ఆగాను. పిల్ల పెద్దదైంది. చేతులు మాత్రం మనిషి కంటే పదేళ్లు ముందే పెద్దవయ్యాయి. మేస్త్రికి చూపు మందగించాక మెల్లమెల్లగా ఉలి ఆమె చేతికి వచ్చింది, కానీ చిన్న పనులే. ఇప్పుడు మొదటిసారి ఒక పూర్తి రాతి ద్వారబంధం ఆమెకు వదిలాడు. బాగా వస్తే షెడ్డు ఆమెది. తప్పు పడితే మళ్లీ రుద్దుడు పనే, షెడ్డు చిన్నాయన కొడుక్కి పోతుంది. ఇదంతా చెప్పి, నీళ్లగ్లాసు నా చేతికిస్తూ అంది.

“ద్వారబంధం ఎవురికో తెలుసునా టీచర్? మన ఆకును జల్లెడ అన్న సారుకే. రిటైరై నంద్యాలలో ఇల్లు కడతాండాడు.”

గ్లాసు దించేశాను. ఇన్నేళ్ల సాధన ఒక్కసారి నాలిక చివరికి వచ్చింది. ఏం చెక్కాలో ఆమె ఇష్టానికే వదిలేశారట. అక్కడికక్కడే ఎర్రటి జాజురాయి ముక్క తీసుకుని నేల మీద గీశాను. తీగలాగా సాగే పత్తి ఆకుల అల్లిక, ఆకులన్నిటికీ చిల్లులు. ఆయన జీవితాంతం తాను చించిన బొమ్మ కిందుగా వంగి ఇంట్లోకి పోవాలి, అదీ నా ఆశ. ఆమె ఆ చిల్లుల మీద వేలు పెట్టింది.

“నాయన ఒప్పుకోడు. రాతిలో చిల్లి పడితే ఉలి జారిందనే అంటారు టీచర్. చూసినోళ్లు గూడా అదే అంటారు.”

అది ఆ ఊరి పనివాళ్లందరికీ తెలిసిన కట్టుబాటు. గుంత పడిన విగ్రహం గుడికి పోదు, గుంత పడిన గడప ఇంటికి పోదు. నాకూ తెలుసు. అయినా సిగ్గుపడుతూ రాస్తున్నాను, ఆ పిల్లను బతిమాలాను. నీ బొమ్మ చించినాడే, నీ బడి మాన్పించినాడే అని రెచ్చగొట్టాను. ఆమె భవిష్యత్తంతా ఆ రాయి మీద ఉందని తెలిసీ నా పగను దాని మీద చెక్కించాలని చూశాను. ఆమె “చూస్తా టీచర్” అని మాత్రం అంది. బస్సులో వస్తుంటే సగం దారి రాకముందే తప్పు చేశాననిపించింది. వెనక్కి పోయి వద్దని చెబుదామనుకున్నాను. పోలేదు. మర్నాడూ పోలేదు. పగలో ఉండే పెద్ద చిక్కు అదే, బస్సు దిగనివ్వదు.

గృహప్రవేశానికి మా తమ్ముడికి పిలుపు వచ్చింది, నేను పట్టుచీర కట్టుకుని వెంట వెళ్లాను. గుమ్మం దగ్గర అప్పటికే గుంపు ఉంది. మేస్త్రి తువ్వాలు చంకలో పెట్టుకుని, మసకబారిన కళ్లతో గుంపు మొహాలను వెతుకుతున్నాడు. కూతురు తడిబట్ట పట్టుకుని గోడవార నిలబడింది. నేను గుంపును తోసుకుంటూ ద్వారబంధం దగ్గరికి వెళ్లి చూశాను. పత్తి ఆకులే. గడప నుంచి పైదాకా ఒకదాన్నొకటి పట్టుకుని ఎక్కుతున్నాయి. కానీ ప్రతి ఆకూ నిండుగా ఉంది. ఒక్క చిల్లి లేదు. నా పట్టుచీర వృథా అయిపోయింది.

సూపర్వైజరు మాత్రం పొంగిపోతున్నాడు. “చూడండప్పా, పత్తి ఆకు! ఎవురన్నా గుమ్మానికి పెట్టినారా ఇంతకు ముందు? ప్రకృతిని చూసి నేర్చుకోండ్రా అని సర్వీసంతా మొత్తుకున్నా నేను,” అంటూ వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. నా దాకా వచ్చి, నవ్వుతూ, “నువ్వు యాడ పనిచేసినావమ్మా?” అని అడిగాడు.

పదేళ్లు సాధన చేసిన వాక్యాలలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. “ఆళ్లగడ్డలో,” అన్నాను. “అట్లనా, మంచిది,” అని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆయన భార్య నవ్వడం వినిపించింది. పైన అడ్డరాతికి నడిమధ్య, సరిగ్గా లోపలికి పోయేవాళ్ల కంటికి ఎదురుగా, ఒక నిండు ఆకు మీద బొద్దు పురుగు కూర్చుని ఉంది. మెడకు మూడు మడతలు. తల ముందుకు వాల్చి, ముక్కు కిందుగా, ఆకును తప్పుపడుతున్నట్టు చూస్తోంది.

“ఓయమ్మా, ఇదేందిది! అచ్చం మా యింటాయన పేపరు చదివినట్లే కూచోనుందే!” అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లందరూ చూశారు, తర్వాత మగవాళ్లు. పెద్దాయన తలెత్తి చూసి, మెల్లగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. దాంతో పోలిక పోలేదు, మెడ ఉంది కదా.

కాసేపటికి ఆయన మేస్త్రిని పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడగడం నేను విన్నాను. “దాన్ని తీసేయొచ్చునా మేస్త్రీ?”

మేస్త్రి చేయెత్తి, బొటనవేలితో పురుగును తల నుంచి తోక దాకా తడిమాడు. కళ్లకు కనపడనిది వేలికి కనపడినట్టుంది.

“తీయొచ్చు సార్. గుంత పడతాది. గుంత పడిన ద్వారబంధం కింద పోయొచ్చేది మంచిది కాదంటారు. తమరి ఇష్టం.” చెయ్యి దించి, “మా పాప పని సార్. నా చెయ్యి పడలేదు,” అన్నాడు.

నేను గోడవారకు వెళ్లాను. ఆమె తడిబట్టను పిండుతోంది, ఆరిపోయిన బట్టను.

“ఏమ్మే, చిల్లులు పెట్టలేదు గదా నువ్వు.”

“చిల్లి పెడితే నా తప్పయ్యేది టీచర్. ఇప్పుడు అది పోవాలంటే ఆయప్పే చిల్లి పెట్టాల.”

నేను ఆ పిల్లకు ఆకును చూడడం నేర్పాననుకున్నాను. పగ పట్టడం ఆమె దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, బడికి పోయేందుకు దగ్గర దారి ఉన్నా, నేను ఆ వీధి మీదుగానే తిరిగి వెళ్లేదాన్ని. పెద్దాయన పురుగుకు అడ్డంగా మామిడి తోరణం కట్టించేవాడు. రెండు రోజులకు ఆకులు ఎండి ముడుచుకుంటే పురుగు మళ్లీ వీధిలోకి తొంగి చూసేది. ఆ ఉదయాల్లో నేను చాలా ఉల్లాసంగా పాఠం చెప్పేదాన్ని.

షెడ్డు ఇప్పుడు ఆమెదే. పోయిన నెల వెళితే ఉలి చప్పుడు తక్కువ, యంత్రాల రొద ఎక్కువ. ఫోనులో డిజైను వస్తుంది, యంత్రం చెక్కుతుంది, ఆకులన్నీ ఒకే అచ్చులోంచి పడ్డట్టు ఉంటాయి. ఉలి పట్టే పని అడిగేవాళ్లు తగ్గారని ఆమె మామూలుగానే చెప్పింది. అటునుంచి ఒక బడికి అతిథిగా పిలిస్తే వెళ్లాను. చిన్న వయసు టీచరు, మంచి పిల్ల, వేసిన బొమ్మలన్నీ నేల మీద పరిచి, ఫోనుతో ఒకదాని తర్వాత ఒకటి ఫొటో తీసి పై ఆఫీసుకు పంపేస్తోంది. ఇందులో ఏది నచ్చిందమ్మా అని అడిగాను. “అన్నీ బాగున్నాయి మేడమ్,” అంది, తలెత్తకుండా. పైనున్నవాళ్లు కూడా చూడరట, లెక్క సరిపోతే చాలునట.

ఆ బొమ్మల మధ్య వంగి వంగి నడుస్తుంటే నాకు తట్టిన మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన మా బొమ్మను చించాడు, బల్లకాలి కింద పెట్టాడు, నేను క్షమించలేదు, క్షమించబోను కూడా. కానీ చించేముందు కళ్లద్దాలు పైకి తోసుకుని, అంతసేపు, చిల్లి చిల్లీ చూశాడు. ఒక పిల్ల గీసిన ఆకు మీద అంత కోపం తెచ్చుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారు? ఈ రోజుల్లో నాకు ఎవరిమీదనైనా మనసారా కోపం తెచ్చుకోవాలంటే ఆ పోయినాయనే దిక్కయ్యాడు.